తొంభయ్యో న్యూట్రాన్

తరమణి కానగంలో, కాలువ వైపు తిరిగే సందు మొదట్లో
దేశయ్య ఇస్త్రీ బండి.
ముత్తాతల నాటి తెలుగు అతనిది,
నోటికి వచ్చు, కంటికి రాదు.
బాకీల పుస్తకంలో నేను
తమిళ అక్షరాల్లో కూర్చుని ఉంటాను:
"సమారియం అమ్మ. దుప్పట్లు రెండు."

ఆ పేరు నా తప్పే.
ఏం చదువుతున్నావమ్మా అని అడిగిన రోజు
సులువైన అబద్ధం తోచక
ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తీరా చూస్తే చెప్పాల్సినవాడు అతను.
దుప్పటి చెరో అంచు పట్టుకున్నప్పుడు
"ముందు మడువు, ఆనక తిప్పు" అన్నాడు.
నేను ముందు తిప్పి, ఆనక మడిచాను.
పూలు లోపలికి పోయాయి, కుట్లు పైకొచ్చాయి.
"చూసినావా, వరస మారితే దుప్పటే వేరు."

కుముదవల్లి గారు ఒక సెమిస్టరంతా
సుద్దలు అరగదీసి చెప్పింది ఇదే.
ఏబీ వేరు, బీఏ వేరు,
ఆ తేడాలోనే మా బీజగణితం కాపురం.
ఎన్ని మడతలు పెట్టినా మారనిదొకటి ఉంటుంది,
దాన్ని పట్టుకుంటే
కేంద్రకం తన మెట్లన్నీ తనే లెక్కపెట్టి చూపిస్తుందట.

ప్రోటాను, న్యూట్రాను
విద్యుదావేశం తీసి పక్కన పెడితే ఒక్కరే,
దేశయ్య పెళ్లాంతో తెలుగు, పోలీసుతో తమిళం మాట్లాడినట్టు.
లోపలి బలానికి
ఏ భాషలో పిలిచారన్న పట్టింపు లేదు.

సమారియంతోనే వచ్చింది చిక్కు.
ఎనభై ఎనిమిది న్యూట్రాన్ల దాకా గుండ్రని మనిషే,
తట్టితే నీటిబొట్టులా వణుకుతుంది.
ఇంకో రెండు, రెండే రెండు, పడ్డాయో లేదో
బూడిదగుమ్మడిలా సాగి గిరగిరా తిరగబోతుంది.
వణికేవాటికి ఒక సమూహం,
తిరిగేవాటికి ఒకటి,
ఏ ఆకారంలోనూ నిలవక జారేవాటికి మూడోది.
మూడు మూలలు.
మూలల్లో లెక్క చేత్తోనే, అరఠావు కాగితం మీద తెగుతుంది.

స్పిన్ నాలుగు మెట్టుని స్పిన్ రెండు మెట్టుతో భాగించు:
వణుకైతే రెండు,
తిరుగుడైతే మూడుంబావు దాటి మరికాస్త.
నా తొంభయ్యో న్యూట్రాన్ దగ్గర
మూడు.
ఎవరింటి బిడ్డా కాని మూడు.
ఫెలోషిప్ ఆగి అప్పటికి నాలుగు నెలలు,
మెస్సులో సాంబారు కూడా
నన్ను గుర్తుపట్టడం మానేసింది.

నవంబరు వాన.
బొగ్గు చెమ్మగిల్లి, పొగ కళ్లలో పడి,
ఆ పూటే మలుపు దగ్గర ఇరవై మూడో నంబరు బస్సు
ఎవరి సైకిల్నో గుద్దబోయి, దేశయ్య అటు చూసి...

మెట్లెక్కి వచ్చాడు. తల ఎత్తలేదు.
"డబ్బులొద్దమ్మా."
దుప్పటి నడిమధ్య
ఇస్త్రీపెట్టె అడుగు అచ్చు.
మూడు మూలలు.
మూలల్లో రంగు పలచన, తేనె చుక్క పాటి.
నడుమ మాత్రం ముదురు గోధుమ,
మంట అక్కడే కాపురం పెట్టినట్టు.

నేను నవ్వాను. అతను భయపడ్డాడు.
బాల్‌పెన్ను తీసి
ఈ మూలన వణుకు, ఆ మూలన తిరుగుడు,
పైన కొసన జారుడు అని రాసి
కింది అంచు వెంబడి వేలు జరుపుకుంటూ పోయి
సగం దాటానో లేదో అన్నచోట
ఒక చుక్క పెట్టాను.
"ఏందమ్మా అది?"
"నా సమారియం. మూలకు చేరలేదని
ఏడాదిగా తిడుతున్నాను పాపం."

ఫోన్లో కుముదవల్లి గారు కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "మూలలు అడ్రసు చెప్పడానికమ్మా,
అక్కడెవరూ అద్దెకుండరు" అని,
ఆ దుప్పటి ఉతకొద్దని చెప్పి
పెట్టేశారు.

సమరూపత ఎక్కడ చెడిందో,
ఎంత చెడిందో,
అంతవరకే నా థీసిస్. ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఆ నెల బాకీ కట్టబోయి
నా పేరు కింద గీతలేవో కొత్తగా ఉంటే
పక్క కొట్టు పిల్లాడి చేత చదివించుకున్నాను.

"దుప్పటి ఒకటి.
కాలింది.
నవ్వింది."